తెల్లబట్ట ఎవరికని అడగం

మా కొట్లో ఒక నియమం ఉండేది. తెల్లబట్ట కొనేవాళ్ళని అది ఎవరికని అడగకూడదు.

భోపాల్‌పట్నం బజారులో మాది బట్టల కొట్టు. తెలుగు నేల సరిహద్దుకు అవతల, అడవుల మధ్యనున్న ఊరు. సంత రోజున చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి లుంగీలు, తువ్వాళ్ళు, పిల్లల చొక్కాలు కొనేవాళ్ళు. నాన్న వాళ్ళతో బేరమాడేవాడు, వేళాకోళమాడేవాడు, అదీ వచ్చినవాళ్ళ భాషలోనే. గోండులతో గోండీ, దోర్లవాళ్ళతో దోర్లీ, ఆఫీసులవాళ్ళొస్తే హిందీ, ఇంట్లో తెలుగు. కానీ ఎవరైనా గడప దగ్గరే నిలబడి కొత్త తెల్లబట్ట కావాలంటే మాత్రం నోరు కట్టేసుకునేవాడు. తానును బల్ల మీద దొర్లించి, కొలిచి, కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చింపి, మడిచి చేతికిచ్చేవాడు. మా వైపు ఎవరైనా చనిపోతే చుట్టాలు తలా ఒక బట్ట తీసుకెళ్ళి కప్పుతారు. పోయింది ఎవరు, ఎట్లా పోయారు అని మాత్రం కొట్లో అడగం.

చిన్నప్పుడు నేనొకసారి అడిగేశాను. "ఎవరు సచ్చిపోయిన్రు?" అన్నాను ఒకామెతో. ఆమె చింపిన బట్టను బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. నాన్న కొట్టలేదు. సాయంత్రం షట్టరు దించాక అక్కనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"బట్ట చింపియ్యాలె, అంతే. అడుగొద్దు. అడిగేటోళ్ళు వేరే ఉన్నరు," అన్నాడు.

ఆ వేరేవాళ్ళు రెండు రకాలు. యూనిఫాం వేసుకొచ్చి అడిగేవాళ్ళు, యూనిఫాం లేకుండా అడవిలోంచి వచ్చి అడిగేవాళ్ళు. ఏ ఊరు, ఎటు పోతున్నావు, మీ ఊళ్ళో ఏంది కబురు, ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు. ఇద్దరికీ ఒకటే జవాబు. "ఎర్క లేదు." హిందీలో అడిగితే "మాలూమ్ నహీ." ఏ భాష నేర్చుకున్నా మేము ముందు నేర్చుకునేది ఆ మాటే. ఇప్పుడు రోడ్లు పడ్డాయి, టవర్లు లేచాయి, మా బజారు కాస్త తెరిపిన పడింది. నోటికి పడిన అలవాటు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

తెలుగువాళ్ళందరూ ఇట్లాగే ఉంటారనుకునేదాన్ని, నది మీది వంతెన దాటి, అవతలి ఏటూరునాగారం నుంచి మా పెద్దమ్మ వచ్చేదాకా. ఆమె చెప్పులు విడవకముందే మొదలుపెట్టేది. ఎట్లున్నరు, ఎందుకిట్ల చిక్కిన్రు, గా పక్కింట్ల ఎవరుంటున్నరు, వాళ్ళ కోడలు ఎందుకు పోయింది. నాన్న తల పట్టుకునేవాడు. అక్కా నేనూ వంటింట్లో దూరి నవ్వుకునేవాళ్ళం. ఆమె వెళ్ళిపోయాక ఇల్లు హాయిగా ఉన్నట్టనిపించేది.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న నేను జగదల్‌పూర్‌లో నర్సింగ్ చదువుతుండగా పోయాడు. కొట్టు అక్కా బావా చూసుకుంటున్నారు. నేను జగదల్‌పూర్ హాస్టల్లో అక్కడి హల్బీ భాష కూడా నేర్చుకుని, డయాలసిస్ పని నేర్చుకుని, ఆ పని పట్టుకుని ఒమాన్ వెళ్ళాను. రెండు బోడికొండల మధ్య చిన్న ఊరు, అందులో ఒక చిన్న ఆస్పత్రి. పట్నంలోలాగా హిందీతో బండి నడిచే చోటు కాదు, అరబ్బీ రావాల్సిందే అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఐదు భాషలు కొట్లో కూర్చుని, హాస్టల్లో తిరిగి నేర్చుకున్నదాన్ని, ఆరోది ఒక లెక్కా అనుకున్నాను. కాస్త పొగరుగానే విమానం ఎక్కాను.

అరబ్బీ వచ్చింది కూడా. మందుల దుకాణం మీది గదిలో వారానికి కొన్ని సాయంత్రాలు క్లాసులు. పాఠం చెప్పే ఆవిడ సూడాన్ మనిషి, ఒడ్డూ పొడుగూ, నవ్వితే గది నిండిపోయేది. కుడి నుంచి ఎడమకు రాయడం చేతికి తొందరగానే పట్టుబడింది. గొంతు లోపల్నుంచి తేవాల్సిన అక్షరాలు తక్కినవాళ్ళను తిప్పలు పెడుతుంటే నేను ఇట్టే పలికేదాన్ని. రాత పరీక్షల్లో నాదే పైచెయ్యి. మాట పరీక్షలో మాత్రం ఆవిడ, "ఇప్పుడు నువ్వు నన్ను అడుగు. నా గురించి ఏదైనా అడుగు," అంది. నేను ఆవిడ వైపు చూశాను. వాక్యాలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. మీది ఏ ఊరు, మీకు పిల్లలెంతమంది. ఒక్కటీ బయటికి రాలేదు. పెద్దావిడను పట్టుకుని ఏ ఊరని ఎట్లా అడుగుతాను? "ఈ రోజు ఎండగా ఉంది," అన్నాను. ఆవిడ నవ్వి, సున్నా వేసింది.

ఆస్పత్రిలో కథ ఇంతకంటే అధ్వాన్నం. ఆ దేశంలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే పలకరింపు ఒక పట్టాన తెమలదు. ఎట్లా ఉన్నావు, ఒళ్ళెట్లా ఉంది, ఇంట్లోవాళ్ళెట్లా ఉన్నారు, అఖ్బార్ ఏమిటి, ఉలూమ్ ఏమిటి. అఖ్బార్ అన్నా, ఉలూమ్ అన్నా కబుర్లే. వీటికి జవాబులు కూడా ముందే ఖాయం. బాగున్నాను, దేవుడి దయ, కబుర్లేమీ లేవు. తర్వాత అవతలివాళ్ళు అవే ప్రశ్నలు తిరిగి అడగాలి. అప్పుడుగాని అసలు మాట మొదలవదు. ఇదంతా నాకు క్లాసులో చెప్పారు. నేను బుద్ధిగా రాసుకున్నాను కూడా.

మొదటి వారం, కిటికీ పక్క మంచం మీద ఒక ముసలమ్మ. మెహందీ పెట్టిన వేళ్ళు, పూల ముసుగు, ఎముకలగూడు లాంటి ఒళ్ళు. వారానికి మూడుసార్లు వచ్చి నాలుగు గంటలు మిషను పక్కన పడుకునేది. నేను దగ్గరికి వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని వరసగా అడిగింది. ఎట్లా ఉన్నావు, ఒళ్ళెట్లా ఉంది, కబుర్లేమిటి? ప్రతి మాటా అర్థమైంది. అర్థమవడమే కొంప ముంచింది. కొత్త మనిషి చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూస్తూ, మీ కబురేమిటి అని అడుగుతోంది. నా నోటి నుంచి తన్నుకొచ్చింది: "మా అదరీ." నాకు తెలియదు.

పక్క మంచం మీది ఆవిడ ఏదో గొణిగింది. ముసలమ్మ నా చెయ్యి వదిలేసి కిటికీ వైపు తిరిగింది. నీ ఒళ్ళెట్లా ఉందంటే నాకు తెలియదు అన్న మనిషితో ఇంకేం మాట్లాడుతుంది?

అప్పట్నుంచి నేను ఎవరినీ ఏమీ అడగకుండా పని చేసుకుపోయేదాన్ని. సూది గుచ్చితే నొప్పి తెలియదని పేరు తెచ్చుకున్నాను. మాటలేని మనిషినని కూడా. ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, "పని బాగుంది. కానీ నువ్వు పలకరించవని అందరూ అంటున్నారు. ఇట్లా అయితే స్టోరు గదికి మారుస్తాను," అంది. నాకు ఒళ్ళు మండింది. రక్తం శుభ్రం చేయడానికి పిలిచారా, కబుర్లు చెప్పడానికి పిలిచారా అని లోపల్లోపలే ఎగిరిపడ్డాను. బయటికి మాత్రం "సరే సిస్టర్" అన్నాను.

గదిలో నాతోపాటు ఇద్దరు మలయాళీ అమ్మాయిలుండేవాళ్ళు. మంచివాళ్ళు. చేపల పులుసు చేస్తే నాకో గిన్నె తీసిపెట్టేవాళ్ళు. కానీ సాయంత్రమైతే ఇద్దరూ ఒక మంచం మీద చేరి వాళ్ళ భాషలో నవ్వుకునేవాళ్ళు. నన్ను చూసి మర్యాదకు కాసేపు హిందీలోకి మారేవాళ్ళు. ఆ మారడం నాకు ఇంకా కష్టంగా ఉండేది, అందుకని లేచి వంటగదిలోకి వెళ్ళిపోయేదాన్ని. అక్కడ కుక్కరుతో తెలుగులో మాట్లాడేదాన్ని. "ఏందే, ఇంక కూత పెట్టవా?" అని. నవ్వకండి. ఆరు భాషలు వచ్చిన మనిషికి ఆ దేశంలో కుక్కరు తప్ప దిక్కు లేకపోయింది. శుక్రవారం సెలవు. కిటికీలోంచి చూస్తే చెట్టన్నది లేని కొండ, దాని మీద ఎండ. మా ఇంద్రావతి ఒడ్డున పుట్టిపెరిగిన కళ్ళకు ఆ కొండను చూస్తే దాహమేసేది.

ఆ శుక్రవారాల్లో నాకున్నది ఒక్కటే, అక్కకు ఫోన్ చేయడం. అక్కది చిన్న ఫోను, బొమ్మ కనపడదు, మాట మాత్రమే. అదీ మా ఊళ్ళో గాలి వాటాన్ని బట్టి. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంతే.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. కొట్టు?"

"నడుస్తుంది."

"వాన?"

"పడ్డది."

"సరె మరి."

మొదట్లో ఈ ముక్కల మధ్య బజారు సంగతులు, బావ మీద విసుర్లు, వండుకున్న కూరలు ఉండేవి. వానలు మొదలయ్యాక అవి ఒక్కొక్కటే రాలిపోయాయి. అక్క గొంతు పొడిపొడిగా తయారైంది. నేను వాన పడ్డదా అంటాను, ఆమె పడ్డది అంటుంది, ఆ తర్వాత ఇద్దరం ఫోన్లో గరగరమనే చప్పుడు వింటాం. పెట్టేయనా అంటుంది. నాకు భయం పట్టుకుంది. ఇది ఇట్లాగే తగ్గుతూ తగ్గుతూ ఒక శుక్రవారం ఆగిపోతుంది, అప్పుడు ఈ భూమ్మీద నన్ను తిన్నావా అని అడిగే మనిషి కూడా ఉండదు అనిపించేది. నా మీద ఏదైనా కోపమా అని అడగాలనిపించేది. మా ఇంట్లో అట్లా అడగం. అన్నం వడ్డించేటప్పుడు గిన్నె చప్పుడును బట్టి తెలుసుకోవాలి. ఫోన్లో గిన్నె చప్పుడు ఎట్లా వినపడుతుంది?

ఇంతలో ముసలమ్మ తిరగబడింది. ఒకరోజు సూదులు సిద్ధం చేసుకుని వెళ్తే చెయ్యి ముసుగు కింద దాచేసుకుంది.

"చెయ్యివ్వండి," అన్నాను.

"ఇవ్వను. ఇన్ని నెలల్నుంచి నన్ను గుచ్చుతున్నావు. ఒక్కరోజైనా ఎట్లా ఉన్నావని అడిగావా? నేనేమన్నా మేకనా?"

"మీ బీపీ చూస్తున్నాను. బరువు చూస్తున్నాను. ఎట్లా ఉన్నారో నాకు తెలుసు."

"మేక బరువు కూడా చూస్తారు, సంతలో."

చుట్టూ అందరూ నవ్వారు. "మా ఊళ్ళో అడగరు. అడిగేవాళ్ళను చూస్తే మా ఊళ్ళో భయం," అన్నాను. అరబ్బీలో అంత పెద్ద మాట నేను అనడం అదే మొదలు, అదీ కోపంలో.

ఆమె నవ్వడం ఆపింది. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "ఇక్కడ నేనున్నాను. ముసలిదాన్ని, కాళ్ళు కదలవు. నన్ను చూసి కూడా భయమా? అడుగు. అడిగితేనే చెయ్యిస్తాను," అంది.

అడిగాను. పాఠం అప్పజెప్పినట్టు, నేల చూస్తూ. ఎట్లా ఉన్నారు, ఒళ్ళెట్లా ఉంది, ఇంట్లోవాళ్ళెట్లా ఉన్నారు, అఖ్బార్ ఏమిటి, ఉలూమ్ ఏమిటి. ఆమె అన్నిటికీ నింపాదిగా జవాబిచ్చింది. చివరికి, "కబుర్లేమీ లేవు," అని చెయ్యి చాపింది. అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. ఎప్పుడూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఒకరోజు విసుగొచ్చి, "రోజూ కబుర్లేమీ లేవంటారు కదా, మళ్ళీ అడగడం ఎందుకు?" అన్నాను. "నాకేం తెలుసు? మా అమ్మ అడిగేది, నేను అడుగుతున్నాను. సూది చూసుకో, వంకర పోతోంది," అంది. వంకరేమీ పోలేదు.

మెల్లగా నోరు అలవాటుపడింది. పక్క మంచం ఆవిడను అడిగాను, తలుపు దగ్గరి తాతను అడిగాను. ఇన్‌ఛార్జి స్టోరు గది మాట మళ్ళీ ఎత్తలేదు. ఎవరూ ఏమీ చెప్పేవాళ్ళు కాదు, అందరికీ కబుర్లేమీ లేవు. అయినా ఆ వరస పూర్తయ్యాక వాళ్ళ మొహాలు కాస్త విచ్చుకునేవి. నా మొహం సంగతి నాకు తెలియదు.

వానలు వెనకబట్టి, మా వైపు వరి కంకి పట్టే రోజులు. ఒక శుక్రవారం అక్కకు ఫోన్ చేశాను. తిన్నవా, తిన్న, అయిపోయాయి. వాన అని అడగబోయి, ఆ రుతువు కాదు కదా అని ఆగాను. అడగడానికి ఇంకేం మిగల్లేదు. ఇదే ఆ ఆఖరి ఫోనేమో అనిపించి, ఏం చేయాలో తోచక, ఆ ముసలమ్మను అడిగే వరసనే తెలుగులో మొదలుపెట్టాను. కాస్త ఆటగా కూడా.

"ఎట్లున్నవక్కా? ఒంట్లె ఎట్లుంది? ఇంట్ల అందరు ఎట్లున్నరు? ఏంది కబురు?"

లైను పోయిందనుకున్నాను.

"ఎవరు చెప్పిన్రే నీకు?" అంది అక్క.

గొంతులో కోపం లేదు. భయం ఉంది. కొట్లో అడిగినవాళ్ళకు మేము జవాబిచ్చే గొంతు అది.

"ఎవ్వలు చెప్పలే. నేనే అడుగుతున్న. ఏమైందక్కా?"

అప్పుడు చెప్పింది. నేను ఒమాన్ వచ్చిన కొత్తలోనే ఆమె కడుపుతో ఉందట. ముందొకసారి కడుపు పోయింది కనక ఈసారి ఎవరికీ చెప్పుకోలేదట. వానల్లో, నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది.

"బావకు చేతులు ఆడలే. కొట్లకెల్లి తెల్లబట్ట నేనే తీసిన. నేనే చింపిన," అంది.

ఆ వానాకాలమంతా నేను వాన పడ్డదా అని అడిగాను. పడ్డది అంది. పొద్దంతా పరాయివాళ్ళ బరువూ బీపీ రాసుకుంటూ తిరిగాను.

"నాకెందుకు చెప్పలే అక్కా?"

"నువ్వు అడగలే," అంది. నిష్ఠూరంగా కాదు. వాన పడ్డది అన్నట్టే అంది.

తర్వాత, కొత్త వస్తువును తడిమి చూసినట్టు, మెల్లగా అడిగింది. "నువ్వెట్లున్నవే?"

బాగున్న అనబోయాను. రాలేదు. "ఇక్కడ నాతోటి మాట్లాడేటోళ్ళు ఎవ్వలు లేరక్కా," అన్నాను. అని ఏడ్చాను. అవతల ఆమె కూడా ఏడుస్తోందని గరగర మధ్య తెలిసింది. మా అమ్మ పోయినప్పుడు కూడా మేమిద్దరం ఒకరికొకరు వినపడేట్టు ఏడవలేదు. ఆ రోజు లైను తెగిపోయేదాకా ఫోను ఎవరమూ పెట్టలేదు.

మళ్ళీ డ్యూటీ రోజున ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. నా వరస నేను అడిగాను, ఆమె కబుర్లేమీ లేవంది. ఇప్పుడు ఆమె వంతు. ఎట్లా ఉన్నావు, ఒళ్ళెట్లా ఉంది, ఇంట్లోవాళ్ళెట్లా ఉన్నారు, అఖ్బార్ ఏమిటి?

"కబురుంది," అన్నాను.

ఆ వార్డులో ఆ జవాబు నేనెప్పుడూ వినలేదు. పక్క మంచం ఆవిడ తల తిప్పింది. ముసలమ్మ కదలని కాళ్ళను చేతులతో పట్టుకుని పక్కకు జరుపుకుని, మంచం మీద జాగా చేసి, కూర్చో అంది. పేషెంటు మంచం మీద నర్సు కూర్చోకూడదు. కూర్చున్నాను. నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. చాలా మాటలకు నా దగ్గర అరబ్బీ లేదు. ఊపిరి లేకుండా పుట్టడాన్ని ఏమంటారో ఏ పాఠంలోనూ రాలేదు. చేతులతో చూపించాను. ఆమెకు తెలిసింది.

ఓదార్చలేదు. నా చెయ్యి పట్టుకుని, మొదటిరోజు పట్టుకున్నట్టే, అడిగింది.

"ఆడపిల్లా, మగపిల్లవాడా?"

అక్కతో అంతసేపు మాట్లాడి, అంత ఏడ్చి, అది నేను అడగలేదు. "మా అదరీ," అన్నాను. ఈసారి నిజంగానే తెలియదు.

"అడుగు," అంది ఆమె. సూది ఇంకా గుచ్చనే లేదు. మిషను ఆగి ఉంది. "నేనెక్కడికీ పోను. అడిగి రా."

నడవాలోకి వెళ్ళి ఫోన్ చేశాను. మా ఊళ్ళో అప్పుడు కొట్టు రద్దీగా ఉండే వేళ. అక్క ఎత్తింది. వెనకాల ఎవరో గోండీలో బేరమాడుతున్నారు.

"అక్కా, ఆడపిల్లనా, మొగపిలగాడా?"

బేరమాడే గొంతు దూరమైంది. అక్క కొట్టు వెనక్కి నడుస్తోందని తెలిసింది.

"ఆడపిల్లనే," అంది. "ముక్కు నీ లెక్కనే ఉండె."